జాలరిపేటలో జాలపు మాటలు: కంప్యూటరు పరిభాషపై ఒక విమర్శ

విశాఖపట్టణమందలి జాలరిపేట పేరులో జాలమను మాట కలదు. జాలమనగా వల. వల జీవనాధారముగా గలవాడు జాలరి. ఈ పేరు జలమునుండి వచ్చినదని విద్యార్థులు కొందఱు తలచుట కలదు. కాని దీనికి మూలము జలము కాదు, జాలమే. గత కొన్ని దశాబ్దములలో ఆ పాత మాటకు క్రొత్త పని తగిలినది. కంప్యూటర్లను ఒకదానితో నొకటి కలుపు ఏర్పాటును తెలుగున జాలమనుచున్నారు. అట్టి జాలములన్నియు కలిసిన మహాజాలమునకు అంతర్జాలమను పేరు స్థిరపడినది.

శాస్త్రమున క్రొత్త పదమును పుట్టించుట సులభము. అది పనికివచ్చునో రాదో తేల్చుట కష్టము. పదము విన్నంతనే వస్తువంతయు తెలియవలెనని ఎవ్వరును కోరరు. విద్యార్థి ఆ పదమును పట్టుకొని తనంత తాను ఒక ఊహ చేసినపుడు, ఆ ఊహ సత్యమునకు దగ్గఱగా పోయిన చాలును. పరిభాషకు ఇదియే గీటురాయి. మన పాఠములలోను పత్రికలలోను వాడుకలోనున్న జాల పరిభాషలో కొన్ని మాటలు ఈ రాతిపై నిలుచును, కొన్ని నిలువవు. ఒక్క మాట మాత్రము అపాయకరము కూడ.

ఈ పరీక్షకు జాలరిపేట తగిన స్థలము. వల, రేవు, కట్టుబాటు, తుఫాను హెచ్చరిక అక్కడ నిత్యము వినవచ్చు మాటలు. సముద్రముమీదనున్న పడవకు ఒక వార్త చేరినదా లేదా అనునది అక్కడి పిల్లలకు పరీక్షాపత్రములోని ప్రశ్న మాత్రమే కాదు, ఇంటిలోని ప్రశ్న.

జాలము: పోలిక ఎంతవఱకు?

వలలో దారములు, ముడులు ఉండును. కంప్యూటరు జాలములో దారముల స్థానమున రాగి తీగెలు, గాజు తంతువులు, రేడియో తరంగములు ఉన్నవి. ముడుల స్థానమున కంప్యూటర్లు, వాని నడుమ సందేశములకు దారిచూపు రౌటర్లు ఉన్నవి. ఇంతవఱకు పోలిక చక్కగా కుదిరినది.

ఇంతకంటె లోతైన పోలిక మఱియొకటి కలదు. అమెరికాలోని ర్యాండు సంస్థలో పనిచేసిన పాల్ బరాన్ అను ఇంజనీరు, యుద్ధములో కొంత భాగము నాశనమైనను నిలిచి పనిచేయు వార్తావ్యవస్థ ఎట్లుండవలెనని పరిశోధించి 1964లో తన నివేదికలను ప్రకటించెను. వానిలో మూడు చిత్రములు ప్రసిద్ధములు. మొదటి చిత్రములో తీగెలన్నియు ఒకే కేంద్రమునకు చేరును. రెండవదానిలో చిన్న కేంద్రములు పెక్కు ఉండును. మూడవదానిలో కేంద్రమే లేదు. ప్రతి ముడియు తన పొరుగు ముడులతో కలిసియుండును. ఆ మూడవ చిత్రము ఇసుకపై ఆరవేసిన వలవలె నుండును. ఒక దారము తెగినంతమాత్రమున వల విడిపోదు. ఒక ముడినుండి వేఱొక ముడికి పోవుటకు ఇంకొక దారి దొరకును. సందేశమును చిన్న తునకలుగా చేసి, ఒక్కొక్క తునకను అప్పటికి తెఱచియున్న దారిని పంపుట ఈ ఆలోచనకు జతయైనది. ఇంగ్లండులో డోనాల్డ్ డేవిస్ 1965లో స్వతంత్రముగా ఇట్టి ఆలోచనకే వచ్చెను. ఆ తునకలకు ప్యాకెట్లను పేరు ఆయన పెట్టినదే.

కాని పోలికను ఇక్కడ ఆపి పరీక్షింపవలెను. జాలమనగానే విద్యార్థి ప్రతి జాలమును ఆరవేసిన వలగా ఊహించును. ఇంటిలోని జాలము అట్టిది కాదు. ఇంటిలోని సెల్‌ఫోను, కంప్యూటరు, టెలివిజను అన్నియు ఒకే రౌటరుతో మాటలాడును. ఆ రౌటరునుండి బయటకు పోవునది సాధారణముగా ఒకే దారము. దీనికి తగిన పోలిక విసురువలలో కలదు. విసురువల నీటిలో ఎంత విశాలముగా పఱచుకొన్నను, దాని నడిమినుండి వచ్చు ఒకే త్రాడు జాలరి ముంజేతికి కట్టియుండును. ఆ త్రాడు తెగినచో వల యంతయు పోవును.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమువద్ద తీరము దాటినపుడు జరిగినది ఇదియే. విద్యుత్తు ఆగినది. సెల్‌ఫోను స్తంభములు మూగవోయినవి. నగరములో కొన్ని దినములు మాట పలుకు స్తంభించినవి. ఆ దినములలో ప్రపంచమందలి మహాజాలము చెక్కుచెదరలేదు. తెగినది ప్రతి ఇంటికి, ప్రతి పేటకు చేరు చివరి త్రాడు. అంతర్జాలము ఎన్నటికిని తెగదని పాఠములో చదివిన విద్యార్థికి ఈ భేదము చెప్పకపోయినచో, అతడు చదివినదానిని నమ్మవలెనో కంటితో చూచినదానిని నమ్మవలెనో తెలియక తికమకపడును.

నగరముల నడుమ, ఖండముల నడుమ మాత్రము ముడులు పెరిగినకొలది బలము పెరుగును. 2025 అక్టోబరు 14న గూగుల్ సంస్థ విశాఖపట్టణమున ఐదేండ్లలో 1500 కోట్ల డాలర్ల వ్యయముతో గొప్ప కంప్యూటరు కేంద్రమును నెలకొల్పుదుమని ప్రకటించుచు, సముద్రగర్భమున వచ్చు అంతర్జాతీయ తంతువులు తీరమునకు చేరు స్థానమును కూడ ఇక్కడ నిర్మింతుమని చెప్పినది. భారతదేశమునకు వచ్చు సముద్రగర్భ తంతువులలో ఎక్కువ భాగము ఇంతకాలము ముంబయి, చెన్నై తీరములకు చేరినవే. తూర్పుతీరమున క్రొత్త ముడి పడుటయనగా వలలో ఇంకొక దారి ఏర్పడుట. బరాన్ చిత్రమును బోధించుటకు విశాఖ ఉపాధ్యాయునకు ఇంతకంటె దగ్గఱి ఉదాహరణము వేఱొకటి దొరకదు.

తీర్పు: జాలము మంచి మాట. కాని ఆరవేసిన వలను, విసురువలను రెండింటిని చూపి బోధింపవలెను.

అంతర్జాలము, వెబ్బు

అంతర్జాలమను మాటపై పండితులకు ఒక ఆక్షేపణ తోచవచ్చును. అంతర్ అనగానే తెలుగువానికి మొదట స్ఫురించునది లోపల అను అర్థము. అంతర్గతము, అంతఃపురము అట్టివే. ఆ లెక్కను అంతర్జాలమనగా ఒక కార్యాలయము లోపలి జాలమగును. అసలు వస్తువు దీనికి విపరీతముగా, పెక్కు జాలముల నడుమ నడచు జాలము. ఐనను అంతర్జాతీయము వంటి మాటలవలన నడుమ అను అర్థము తెలుగున రూఢమైనది. కావున ఈ ఆక్షేపణ నిలువదు, వాడుక గెలిచినది.

నిలుచు ఆక్షేపణ వేఱొకటి. అంతర్జాలమునకును వెబ్బునకును మన పత్రికలు ఒకే మాట వాడుచున్నవి. ఈ రెండును ఒకటి కావు. ఒకే వయస్సువి కూడ కావు. అమెరికాలోని ఆర్పానెట్టు అను జాలము 1983 జనవరి 1న టి.సి.పి., ఐ.పి. అను ప్రోటోకాళ్లకు మాఱినది. నేటి అంతర్జాలమునకు ఆ దినమును జన్మదినముగా చెప్పుట కలదు. వెబ్బును టిమ్ బెర్నర్స్-లీ 1989లో ప్రతిపాదించెను. మొదటి వెబ్‌సైటు వెలసినది 1991లో. అంతర్జాలము రహదారి యైనచో, వెబ్బు దానిపై నడచు బండ్లలో ఒక రకము మాత్రమే. పడవ దిగిన జాలరి ఆనాటి చేపల ధరను సెల్‌ఫోనులో వాట్సాపు ద్వారా తెలిసికొన్నచో అతడు అంతర్జాలమును వాడినాడు. వెబ్‌పేజీని ఒక్కదానినైనను తెఱవలేదు. ఈ భేదము చూపుటకు వెబ్బును వెబ్బుగానే ఉంచుట మేలు.

ప్రోటోకాలు: మర్యాదయా, కట్టుబాటా?

తెలుగు పత్రిక చదువువానికి ప్రోటోకాలు అను మాట క్రొత్తది కాదు. ప్రారంభోత్సవమునకు శాసనసభ్యుని పిలువలేదు, శిలాఫలకముపై పేరు క్రింద వేసిరి, ప్రోటోకాలు ఉల్లంఘన జరిగినది అని తఱచు వార్తలు వచ్చుచుండును. కావున తరగతిలో ప్రోటోకాలు అనగానే విద్యార్థికి తోచునది పెద్దలకు చూపవలసిన మర్యాదల క్రమము. దీనిని సవరింపదలచిన పుస్తకములు నియమావళి అను మాటను వాడుచున్నవి. ఇదియు పూర్తిగా సరికాదు. నియమావళి పైనుండి వచ్చును, విధించువాడొకడు, పాటించువాడొకడు. కంప్యూటరు ప్రోటోకాలు అట్టిది కాదు. అది సమానుల నడుమ ముందుగా కుదిరిన ఒప్పందము. ఒకరు ఇట్లు పలికినచో రెండవవారు ఇట్లు బదులు చెప్పవలెను. బదులు రాకపోయినచో ఇంతసేపు ఆగి ఇట్లు చేయవలెను. ఇందులో మాట ఎంత ముఖ్యమో, బదులు అంత ముఖ్యము.

దీనికి జాలరిపేటలో తగిన మాట సిద్ధముగా నున్నది: కట్టుబాటు. ఊరివారు కూడి తమలో తాము ఏర్పఱచుకొన్న పద్ధతికి తెలుగున అదియే పేరు. కట్టుబాటులో సమ్మతి కలదు, పరస్పరత్వము కలదు, మీఱినచో ఏమగునను నిర్ణయము కూడ కలదు. ప్రోటోకాలు అను ఆంగ్లపదమును తీసివేయనక్కరలేదు. దానికి అర్థము చెప్పునపుడు నియమావళికి బదులు కట్టుబాటు అని చెప్పిన చాలును.

ప్రత్యక్ష ఉదాహరణము మరపడవలమీది వి.హెచ్.ఎఫ్. రేడియోలో లభించును. ఆ రేడియోలో మీట నొక్కి మాటలాడువానికి ఎదుటివారి మాట వినబడదు. కావున మాట ముగియగానే "ఓవర్" అని మీట వదలుట కట్టుబాటు. ఒకే సమయమున ఇద్దఱు మీట నొక్కినచో రెండు మాటలును చెడిపోవును. అందువలన మొదట విని, మార్గము ఖాళీగా నున్నదని తెలిసికొని, ఆపైని పలుకవలెను. ఇంటిలోని వై-ఫై యంత్రములు పాటించు మొదటి కట్టుబాటు కూడ ఇదియే: పలుకుటకు ముందు వినుట. పదునాఱవ చానెలు పిలుపులకును ఆపద వార్తలకును అందఱు వినునది. అక్కడ ఒక పడవ మఱియొక పడవను పేరు పెట్టి పిలుచును. రెండవది బదులు పలుకును. ఫలానా చానెలుకు రమ్మని మొదటిది చెప్పగా, ఇద్దఱును అక్కడికి మాఱి తీరికగా మాటలాడుదురు.

టి.సి.పి. అను ప్రోటోకాలు పని ప్రారంభించు తీరు దీనికి చాల దగ్గఱ. మొదటి కంప్యూటరు "మాటలాడవలెను" అని ఒక చిన్న ప్యాకెట్టు పంపును. రెండవది "వినబడినది, నా మాట నీకు వినబడుచున్నదా?" అని బదులు పంపును. మొదటిది "వినబడినది" అని మూడవ ప్యాకెట్టు పంపును. ఈ మూడు అడుగులు ముగిసిన తరువాతనే అసలు విషయము కదలును. ఈ మూడింటి పేర్లను కంఠస్థము చేయించు బదులు, మూడవది ఏల కావలెనని అడిగినచో విద్యార్థికి ప్రోటోకాలు స్వరూపము తెలియును. రెండడుగులతో ఆగినచో, తన బదులు అవతలివానికి చేరినదో లేదో రెండవ కంప్యూటరునకు తెలియదు.

చిరునామా, పోర్టు

చిరునామా అను మాట మంచిదే. కాని జాలములో చిరునామాలు ఒక రకమువి కావు. ప్రతి యంత్రపు జాలపరికరమునకు తయారీలోనే ఇచ్చు 48 బిట్ల సంఖ్య ఒకటి; దానికి మ్యాక్ చిరునామా అని పేరు. జాలములో అప్పటికి ఉన్న స్థానమును బట్టి వచ్చు ఐ.పి. చిరునామా రెండవది. ఐ.పి. నాలుగవ రూపములో దానికి 32 బిట్లు. అట్టివి 429 కోట్లకు పైగా మాత్రమే సాధ్యము. అవి చాలకపోవుటచే ఆఱవ రూపములో 128 బిట్లు ఏర్పఱచిరి. మనుష్యులు గుర్తుంచుకొను పేరు మూడవది; పేరు చెప్పినచో సంఖ్యను వెదకి ఇచ్చు వ్యవస్థకు డి.ఎన్.ఎస్. అని పేరు. పడవ విషయములోను ఈ మూడును కలవు. రిజిస్ట్రేషను సంఖ్య పడవ ఎక్కడకు పోయినను మాఱదు. అది మ్యాక్ వంటిది. ఈ దినము ఏ రేవులో ఏ చోట కట్టియున్నదను వివరము రేపు మాఱవచ్చును, అది ఐ.పి. వంటిది. పేటలో ఆ పడవను పిలుచు పేరు డి.ఎన్.ఎస్. పేరు వంటిది. మూడింటిని చిరునామా అనుటలో తప్పులేదు. మూడింటి పనియు ఒకటేనని అనిపించుటలో తప్పు కలదు.

పోర్టు అను మాట విశాఖ విద్యార్థికి ప్రత్యేకమైన చిక్కు తెచ్చును. 1933లో ప్రారంభమైన గొప్ప ఓడరేవు గల నగరములో పోర్టనగా ఓడరేవే. జాలశాస్త్రములో పోర్టనగా ఒకే కంప్యూటరులో వేఱువేఱు పనులకు కేటాయించిన సంఖ్య. ఇట్టివి 0 మొదలు 65,535 వఱకు ఉండును. భద్రమైన వెబ్‌పేజీలకు 443, డి.ఎన్.ఎస్. ప్రశ్నలకు 53 సాధారణముగా వాడుదురు. ఓడరేవు పోలికను తీసికొన్నచో కంప్యూటరే రేవు. పోర్టు సంఖ్య దానిలోని బెర్తు. బొగ్గు ఓడ ఒక బెర్తుకు, ఇనుపఖనిజపు ఓడ మఱియొక బెర్తుకు పోవును. అట్లే ఒకే చిరునామాకు వచ్చిన ప్యాకెట్లు తమ తమ పోర్టు సంఖ్యను బట్టి వేఱువేఱు పనులకు చేరును. కొందఱు దీనిని ద్వారమని అనువదించుచున్నారు. కాని జాలమునుండి బయటకు పోవు గేట్‌వేకును ద్వారమనియే వాడుట చేత రెండును కలిసిపోవుచున్నవి. ఒకే తెలుగుమాటతో రెండు వస్తువులను చెప్పుటకంటె, పోర్టును పోర్టుగా ఉంచి బెర్తు పోలికతో వివరించుట నయము.

"నమ్మరాని" ప్రోటోకాలు

ఇంతవఱకు చూచిన దోషములు విద్యార్థిని తికమకపెట్టునవి. ఇక చూడవలసినది అంతకంటె పెద్దది.

టి.సి.పి., యు.డి.పి. అను రెండు ప్రోటోకాళ్ల భేదము పరీక్షలలో తఱచు అడుగు ప్రశ్న. టి.సి.పి. నమ్మదగినది, యు.డి.పి. నమ్మరానిది అని సమాధానము వ్రాయింతురు. ఆంగ్ల గ్రంథములలోని ఒక సాంకేతిక పదమునకు ఇది మక్కికి మక్కి అనువాదము. ఆంగ్లమున ఆ పదమునకు శాస్త్రజ్ఞులు ఉద్దేశించిన అర్థము, చేరుననుటకు హామీ లేదని మాత్రమే. తెలుగున నమ్మరాని మనిషి అనగా అబద్ధమాడువాడు, మోసగాడు. నమ్మరాని వార్త అనగా అసత్యవార్త. మాట మాఱినంతనే శాస్త్రార్థము తలక్రిందులైనది.

మొదట అసలు భేదము చూడవలెను. మూడు లక్షల బైట్ల ఛాయాచిత్రము ఒకటి పంపవలసియున్నదనుకొన్నచో, సాధారణమైన జాలములో టి.సి.పి. దానిని 1,460 బైట్ల చొప్పున 206 తునకలు చేయును. ప్రతి తునకకు వరుస తెలియునట్లు సంఖ్య వేయును. చేరినవానికి చేరినట్లు అవతలినుండి రసీదు కోరును. రసీదు నిర్ణీత కాలములో రాకపోయినచో ఆ తునకను మఱల పంపును. ముందు వెనుకలుగా చేరినవానిని వరుసలో పేర్చును. యు.డి.పి. ఇవి ఏవియు చేయదు. ప్యాకెట్టు కట్టి, చిరునామాయు పోర్టు సంఖ్యయు వ్రాసి వదలును, రసీదు అడుగదు. ఐనను ప్యాకెట్టు దారిలో చెడినదా యని సరిచూచు లెక్క యు.డి.పి.లోను సాధారణముగా ఉండును; చెడినదానిని గ్రహించు కంప్యూటరు పాఱవేయును. అనగా యు.డి.పి. వార్త చేరకపోవచ్చును, చేరినచో అది నమ్మరానిదని చెప్పుటకు ఆధారము లేదు.

నమ్మరానిదే యైనచో లోకమంతయు దానిని ఏల వాడుచున్నది? వెబ్‌సైటు పేరును సంఖ్యగా మార్చు డి.ఎన్.ఎస్. ప్రశ్నలు ఎక్కువగా యు.డి.పి.మీదనే పోవును. ఫోను సంభాషణలు, వీడియో సంభాషణలు చాలవఱకు దానిమీదనే నడచును. మాటలో ఒక ముక్క పోయినచో, దానిని మఱల తెప్పించునప్పటికి సంభాషణ ముందుకు పోయియుండును. 2022లో ప్రమాణముగా వెలువడిన హెచ్.టి.టి.పి. మూడవ రూపము కూడ యు.డి.పి.మీద నిర్మింపబడినదే. రసీదు, మఱల పంపుట మున్నగు పనులు అందులో పై అంతస్తున జరుగును. కావున ఇది నమ్మకము గలది, లేనిది అను భేదము కాదు. రసీదు కోరు పద్ధతి ఒకటి, కోరని పద్ధతి ఒకటి; పనిని బట్టి ఎన్నిక.

జాలరిపేటలో ఈ మాట ఏల అపాయకరమో ఇపుడు తెలియును. తీరమునకు 10, 12 కిలోమీటర్లు దాటిన పిమ్మట పడవలలో సెల్‌ఫోను సంకేతము సామాన్యముగా అందదు. 2017 నవంబరు చివర ఓఖి తుఫాను వచ్చినపుడు దక్షిణ తీరములనుండి దూరముగా పోయిన పడవలకు హెచ్చరిక అందకపోవుట దేశమంతటను చర్చకు వచ్చెను. హైదరాబాదులోని భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రము (ఇన్‌కాయిస్), భారత విమానాశ్రయ ప్రాధికార సంస్థతో కలిసి 2019లో జెమిని అను చిన్న పరికరమును ప్రవేశపెట్టినది. విమానముల మార్గనిర్దేశమునకై ఏర్పడిన గగన్ ఉపగ్రహ వ్యవస్థ ద్వారా చేపలు లభించు ప్రాంతముల సూచనలు, సముద్రస్థితి, తుఫాను హెచ్చరికలు ఆ పరికరమునకు చేరును. అక్కడనుండి బ్లూటూతు ద్వారా సెల్‌ఫోనులో కనబడును. ఈ వార్త ఒకవైపే పోవును. పడవనుండి బదులు వచ్చు ఏర్పాటు ఇందులో లేదు.

జెమిని వాడునది యు.డి.పి. అని కాదు; రసీదు కోరకుండుటలో రెండును ఒకే జాతివి. ఇట్లు ఏర్పఱచుటకు కారణములు కలవు. భూస్థిర ఉపగ్రహము భూమధ్యరేఖకు సుమారు 36,000 కిలోమీటర్ల పైన నుండును. వార్త పైకి పోయి క్రిందికి వచ్చుటకు దాదాపు పావు సెకను పట్టును. ఇది పెద్ద అడ్డంకి కాదు. అసలు అడ్డంకి రెండు విధములు. అంత దూరము సంకేతమును పంపగల యంత్రమునకు విద్యుత్తు, ఏరియలు, ఖర్చు ఎక్కువ. వినుటకు మాత్రమైనచో చిన్న పెట్టె చాలును. రెండవది, వేల పడవలు ఒక్కసారి "చేరినది" అని బదులు చెప్పినచో ఆ రసీదులే మార్గమును క్రిక్కిఱిసి ఆపివేయును. అందఱికి ఒకేసారి చాటవలసిన వార్తకు రసీదు లేని పద్ధతియే తగినది. రసీదు లేని లోటును పూరించుటకు ఒకే హెచ్చరికను మాటిమాటికి పంపుదురు. ఒకసారి తప్పినవానికి రెండవసారి చేరును.

ఇక పాఠమును ఈ పరికరమును ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. బదులు కోరని వార్త నమ్మరానిదని బడిలో వ్రాసి మార్కులు తెచ్చుకొన్న పిల్లవాడు, ఇంటిలోని జెమిని పెట్టె బదులు కోరదని తెలిసికొన్నచో, తండ్రికి ఏమి చెప్పును? అతని తర్కములో దోషము లేదు, మాటలోనే దోషము. తుఫాను హెచ్చరికను నమ్మి వెనుదిరుగు పడవకును, నమ్మక ముందుకు పోవు పడవకును భేదము చిన్నది కాదు.

హామీ లేని వార్త విషయమున జాగ్రత్తపడవలసినవాడు వినువాడు కాదు, పంపువాడు. వినినవానికి వార్త చేతిలో నున్నది. పంపినవానికి మాత్రము అది చేరినదో లేదో తెలియదు. తెలియదని గుర్తుంచుకొని అతడు ఇతర ఏర్పాట్లు చేయవలెను. ఈ లోటు తీర్చుటకే ఇస్రో రూపొందించిన రెండువైపుల ట్రాన్స్‌పాండర్లను లక్ష చేపలపడవలకు అమర్చు పథకము 2024 ఆగస్టు 30న ప్రారంభమైనది. దానిలో పడవనుండి ఆపద వార్తను తీరమునకు పంపవచ్చును. టి.సి.పి., యు.డి.పి. భేదమును బోధించుటకు జెమినిని, ట్రాన్స్‌పాండరును పోల్చి చూపినచో, నమ్మదగినది, నమ్మరానిది అను మాటల అవసరమే ఉండదు. రసీదు గల పద్ధతి, రసీదు లేని పద్ధతి అని చెప్పిన చాలును.

పదునొకండవ సూచిక

ప్రోటోకాలు కంప్యూటర్లతో పుట్టినది కాదని చూపుటకు విశాఖ విద్యార్థికి మఱియొక సాధనము కలదు. మూడవ నంబరు ప్రమాద సూచిక ఎగురవేసిరి అను వార్త తీరవాసులందఱు ఎఱిగినదే. భారతదేశపు రేవులలో వాతావరణ శాఖ సలహాపై ఎత్తు ఈ సూచికలు ఒకటి మొదలు పదునొకటి వఱకు కలవు. మొదటి రెండు దూరపు హెచ్చరికలు. మూడు, నాలుగు రేవునకే చెందిన హెచ్చరికలు. ఐదు మొదలు ఏడు వఱకు ప్రమాదము. ఎనిమిది మొదలు పది వఱకు మహాప్రమాదము. పగలు ఆకృతులతోను రాత్రి దీపములతోను చూపు ఈ సూచికలు పంపువారికి, చూచువారికి ముందే తెలిసిన కట్టుబాటు. ఇవియు బదులు కోరని వార్తలే. వీనిని ఎవ్వరును నమ్మరానివి అనలేదు.

పదునొకండవ సూచిక విచిత్రమైనది. తుఫాను హెచ్చరిక కేంద్రముతో వార్తాసంబంధము తెగిపోయినది అని దాని అర్థము. మంచి ప్రోటోకాలు లక్షణము ఇక్కడ తెలియును. మాటలకు అర్థము నిర్ణయించుట మొదటి పని. మాట ఆగిపోయినపుడు ఆ మౌనమునకు అర్థము నిర్ణయించుట అంతకంటె కష్టమైన పని. టి.సి.పి.లో రసీదునకై వేచియుండు గడువు చేయు పని ఇదియే. గడువు దాటిన మౌనము అక్కడ ఒక వార్త. ప్యాకెట్టు పోయినదని భావించి మఱల పంపవలెను. ఎన్ని మాఱులు పంపినను బదులు లేనిచో సంబంధము తెగినదని నిర్ణయింపవలెను.

ఈ దృష్టితో చూచినచో మన పాఠములలో మిగిలిన లోపము కూడ బయటపడును. 1984లో ప్రకటింపబడిన ఓ.ఎస్.ఐ. నమూనాలోని ఏడు పొరల పేర్లను వరుసగా వల్లింపజేయుట మన తరగతులలో పరిపాటి. పేర్లు తెలియును, ఒక పొర పని ఆగినచో ఏమగునో తెలియదు. నేటి అంతర్జాలము నడచునది ఆ ఏడు పొరల లెక్కను కచ్చితముగా అనుసరించి కాదు, టి.సి.పి., ఐ.పి. పద్ధతిలో నాలుగు పొరల లెక్క ఎక్కువ ప్రచారములో నున్నది. ఏడును వల్లించుటకంటె, తీగె తెగినచో ఏమగును, చిరునామా తప్పినచో ఏమగును, రసీదు రాకపోయినచో ఏమగును అని మూడు ప్రశ్నలు వేసినచో పొరల ప్రయోజనము తనంత తాను తెలియును.

తీర్పు

జాలము, చిరునామా అను మాటలు నిలిచినవి. వానికి హద్దులు చూపిన చాలును. అంతర్జాలము వాడుకబలమున నిలిచినది. వెబ్బును దానినుండి వేఱుచేయవలెను. పోర్టును, ప్రోటోకాలును ఉన్నవి ఉన్నట్లుగా ఉంచి, ఒకదానిని బెర్తుతోను రెండవదానిని కట్టుబాటుతోను వివరింపవలెను. నమ్మదగిన, నమ్మరాని అను జంటను మాత్రము పాఠములనుండి తొలగింపవలెను. దాని స్థానమున రసీదు గల, రసీదు లేని అను జంట వస్తువును ఉన్నది ఉన్నట్లు చెప్పును. పల్లెటూరి తపాలా రసీదు ఎఱిగిన ప్రతివానికి అది తెలియును.

పరిభాషను నిర్ణయించు పండితులు ఒక పదమును ఆమోదించుటకు ముందు, దానిని ఆ వస్తువుతో జీవించువారి నడుమ ఒకసారి పలికించి వినుట మంచిది. జాలమను మాట ఎవరిదో వారికే ఆ మాటలోని బిగువు, వదులు ముందుగా తెలియును.